హెర్ లిండ్నర్‌కి నేను చదవని ఉత్తరం

ఏడేళ్లుగా మోస్తున్నాను. ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. మా ఆయనకి సగం చెప్పాను. ప్రార్థనలో కూడా దాని చుట్టూ తిరిగానే తప్ప సూటిగా అనలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ దగ్గర నోరు విప్పడం కొంచెం తేలిక. పేరు మాత్రం అడగకండి.

నేను దొంగతనం చెయ్యలేదు. ఎవరి మీదా చెయ్యెత్తలేదు. చూపు లేని ఒక పెద్దాయనకి వచ్చిన ఉత్తరం చేతిలో పట్టుకుని, అందులో ఉన్నది వదిలేసి, లేనిది చదివాను. రాసి చూస్తే ఎంత చిన్నగా ఉంది. ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నదీ అదే, చిన్న విషయమేనని. చిన్న విషయమే అయితే, ట్రామ్‌లో పక్క సీట్లో ఎవరైనా కవరు చింపితే ఇప్పటికీ నేనెందుకు తల తిప్పుకుంటాను?

మొదటి నుంచి చెబుతాను.

మాది కాకినాడ దగ్గర. నర్సింగ్ చదివి, అక్కడే ఆసుపత్రిలో ఆరేళ్లు చేసి, జర్మన్ నేర్చుకుని డ్రెస్డెన్ వచ్చాను. ఒక వృద్ధుల హోమ్‌లో ఉద్యోగం. మా ఆయన, నాలుగేళ్ల పాప కాకినాడలోనే ఉండిపోయారు. వాళ్ళు రావాలంటే వీసా కావాలి. వీసాకి, ముగ్గురికి సరిపోయే ఇంటి అద్దె ఒప్పందం చూపించాలి. నాకున్నది హోమ్ వాళ్ళిచ్చిన ఒక్క గది. పద్నాలుగు నెలలు ఇల్లు వెతికాను. ఎక్కడికి వెళ్ళినా మెట్ల మీద నా ముందు వరస ఉండేది. నా పేరు చదివి జవాబే ఇవ్వనివాళ్ళు కొందరు. ఫోన్ చేసినప్పుడు పాప మొదట్లో ఎప్పుడొస్తావని అడిగేది. తర్వాత అడగడం మానేసింది. ఫోన్ వాళ్ళ నాన్న చేతికిచ్చి ఆడుకోవడానికి వెళ్ళిపోయేది. ఈ మాట మీరు గుర్తుపెట్టుకోవాలని నాకు ఆశగా ఉంది. కానీ అలా ఆశపడడమంటే తప్పు చెప్పకముందే వకీలుని పెట్టుకోవడం. వద్దులెండి.

హెర్ లిండ్నర్, అంటే లిండ్నర్ గారు, నేను పనిచేసే అంతస్తులో చివరి గదిలో ఉండేవారు. ఎనభై నాలుగేళ్లు. సన్నగా, నిటారుగా, మెడ దాకా బొత్తాలు పెట్టుకుని కూర్చునేవారు. ఒకప్పుడు యూనివర్సిటీలో ఇంగ్లీషు చెప్పేవారు. అందులోనూ ఆరేడు వందల ఏళ్ల కిందటి పద్యకథలు. గుర్రమెక్కిన వీరులు, కోటలు, పెళ్ళైన దొరసానిని దూరం నుంచి ప్రేమించి ప్రాణం మీదకి తెచ్చుకునే మనుషులు. ఇప్పుడు కంటి వెనక పొర పాడైపోయింది. ఎదుట మనిషి ఉన్నట్టు తెలిసేది, అక్షరం తెలిసేది కాదు. కుడిచెయ్యి వణికేది. హోమ్‌లో ఇంగ్లీషు తడుముకోకుండా చదవగలిగేదాన్ని నేనొక్కదాన్నే. అలా ఆయన ఉత్తరాలు నా చేతికొచ్చాయి. పొద్దుటి డ్యూటీ రెండున్నరకి అయిపోయాక ఒక అరగంట ఆయన గదిలో కూర్చునేదాన్ని. అది నా పని కాదు. ఇష్టంగానే చేసేదాన్ని. ఈ దేశంలో నన్ను రోజూ ఏదో ఒకటి అడిగి జవాబు కోసం ఆగే మనిషి ఆయనొక్కరే.

ఉత్తరాలన్నీ ఒకే చోటు నుంచి వచ్చేవి. ఇంగ్లండ్ ఉత్తరాన సముద్రం పక్కన ఒక చిన్న ఊరు. రాసేది జూడిత్ అనే ఆవిడ. ఆవిడ సంగతి ఆయన ఒక్కసారిగా చెప్పలేదు, ఇవాళ ఇంత, రేపు ఇంత.

జర్మనీ రెండుగా ఉన్న రోజులవి. డ్రెస్డెన్ తూర్పు భాగంలో ఉండేది. ఇంగ్లండ్ నుంచి కొంతమంది టీచర్లు నాలుగు రోజుల కోసం వచ్చారు. అందులో జూడిత్ ఒకావిడ. ఆవిడకి పెళ్ళైంది. ఈయనకీ పెళ్ళైంది, ఒక కూతురు కూడా. ఎల్బ నది ఒడ్డున ఇద్దరూ ఒక సాయంత్రం నడిచారు. ఒక పాత కథలో వీరుడు దొరసాని కిటికీ కింద ఏడాది పాటు నిలబడి, ఆవిడ పిలవకపోయినా కదలకుండా ఉండడం గొప్పా, మూర్ఖత్వమా అని వాదించుకున్నారు. అంతే. చెయ్యి కూడా పట్టుకోలేదని ఆయన చెప్పినప్పుడు నాకు లోపల నవ్వొచ్చింది, ఈ వయసులో నా దగ్గర దాపరికం దేనికని. ఆ ఉత్తరాలు చదువుతూ చదువుతూ నమ్మాను.

ఆవిడ వెళ్ళిపోయాక ఉత్తరాలు మొదలయ్యాయి. అప్పట్లో ఇక్కడి ప్రభుత్వం విదేశాల ఉత్తరాలు విప్పి చదివేది. అందుకని ఇద్దరూ ఎప్పుడూ తమ గురించి రాసుకోలేదు. ఆ పాత కథల గురించే రాసుకున్నారు. ఈ చలికాలం దొరసానికి దగ్గు ఎక్కువగా ఉందని కవి సూచిస్తున్నట్టుంది అని ఆవిడ రాస్తే, ఆవిడకి దగ్గొచ్చిందన్నమాట. వీరుడికి గుర్రం ఇవ్వడానికి రాజు ఈ ఏడు కూడా ఒప్పుకోలేదు అని ఈయన రాస్తే, ప్రయాణానికి అనుమతి రాలేదన్నమాట. విప్పి చదివేవాడికి ఇద్దరు మేష్టర్ల పాండిత్యంలా కనిపించేది. మా ఉత్తరాలకి ఎప్పుడూ మూడో పాఠకుడు ఉండేవాడు, ష్వెస్టర్, అనేవారు నవ్వుతూ. ఇక్కడ నర్సుని అలాగే పిలుస్తారు.

బెర్లిన్ గోడ కూలిపోయింది. మూడో పాఠకుడు పోయాడు. అయినా వీళ్ళు ఆ అలవాటు మానలేదు. నలభై ఏళ్లకి పైగా దొరసాని, వీరుడు అనే రాసుకున్నారు. మధ్యలో కలుసుకున్నది రెండే సార్లు, రెండూ నలుగురి మధ్యలో. దారి తెరుచుకున్నాక ఎందుకు వెళ్ళలేదని ఒకసారి అడిగాను. ఆవిడ రమ్మనలేదు, రమ్మనమని నేనడగలేదు అన్నారు. ఆ కథల్లో ప్రేమంటే అవతలి మనిషి పిలిచేదాకా గడప దాటకపోవడమేనట. నాకది అర్థం కాలేదు. మా ఆయనకీ నాకూ మధ్య ఉన్నది సముద్రాలు, వీసాలు. వాటిని దాటడానికి నేను కాళ్ళు అరిగేలా తిరుగుతున్నాను. వీళ్ళు రైలెక్కితే సరిపోయేదానికి మర్యాద అంటూ కూర్చున్నారు. ఇది ప్రేమా, పిరికితనమా? అప్పుడు అలా అనుకున్నాను. పిరికితనం గురించి మాట్లాడే హక్కు నాకు తర్వాత లేకుండా పోయింది.

ఇంకొక రోజు ఆయన ఒక కథ ముగింపు చెప్పారు. దొరసాని పనిమనిషి వెనక తలుపు గడియ తీసి భర్తని లోపలికి పంపుతుంది. వీరుడు అక్కడే చచ్చిపోతాడు. దొరసాని అతని మీద పడి ప్రాణం విడుస్తుంది. మరి ఆ పనిమనిషి ఏమైంది అన్నాను. కవి రాయలేదన్నారు. ఎందుకు తీసిందో కూడా రాయలేదు, ఆవిడకీ పిల్లలుండి ఉంటారు అన్నారు. ఈ మాట ఆయన ఇంకా ఏమీ జరగకముందే అన్నారు. నన్ను ఉద్దేశించి కాదు. నాకు మాత్రం ఎవరో ముందుగానే నా పేరు పిలిచినట్టుంటుంది.

ఇక ఫ్రావ్ కెర్న్, అంటే శ్రీమతి కెర్న్. ఆయన కూతురు. ప్రతి బుధవారం వచ్చేది. యాభై దాటిన మనిషి, మాట తక్కువ, పళ్ళు కోసి డబ్బాలో తెచ్చేది. ఒక బుధవారం నన్ను టీ పెట్టుకునే గదిలోకి పిలిచింది. నాన్న గుండె బాగా బలహీనంగా ఉందని డాక్టర్ చెప్పారంది. అది నాకు తెలుసు. ఆ ఇంగ్లండ్ ఉత్తరాలు వచ్చిన రోజు ఆయనకి నిద్ర ఉండదంది. అదీ నిజమే. ఇక మీదట ఉత్తరం రాగానే ముందు ఫోటో తీసి నాకు పంపు, మనసుని కుదిపేది ఏదైనా ఉంటే ఆ భాగం చదవకు అంది.

నేను వెంటనే అవుననలేదు. అప్పుడావిడ వాళ్ళమ్మ గురించి చెప్పింది. ఉత్తరం వచ్చిన రోజు నాన్న భోజనం మధ్యలో లేచి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేవాడట. వాళ్ళమ్మ కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతూ వంటింట్లో నిలబడేదట. "మా అమ్మ బతుకంతా ఆ తలుపు బయటే గడిచింది" అంది. ఏడవలేదు. చెయ్యి తుడుచుకుంటున్నట్టు మామూలుగా అంది. నాకు జాలేసింది. అది అబద్ధం కాదు, నిజంగానే జాలేసింది.

తర్వాత అదే గొంతుతో, తన ఇంట్లో కింద భాగం వేసవికల్లా ఖాళీ అవుతోందని చెప్పింది. మూడు గదులు, వెనక కొంచెం తోట. నేను ఇల్లు వెతుకుతున్నట్టు నాన్న చెప్పారంది. రెండు విషయాల్నీ ఆవిడ కలపలేదు. బెదిరించలేదు, ఆశ పెట్టలేదు. కలుపుకున్నదాన్ని నేను. ఆ గదిలోంచి బయటికొచ్చేటప్పటికే నా మనసులో పాప ఆ తోటలో ఆడుకుంటోంది.

మొదట్లో వదిలేసినవి చిన్నవి. ఆసుపత్రికి వెళ్ళొచ్చానన్న ఒక వాక్యం. పాత రోజుల్ని తలుచుకున్న రెండు మాటలు. వదిలేసిన చోట గొంతు తడబడకుండా తర్వాతి వాక్యానికి వెళ్ళడం నేర్చుకున్నాను. అంత తొందరగా నేర్చుకోగలనని నాకే తెలియదు. చదవకపోవడం అబద్ధం కాదు కదా అనుకునేదాన్ని. మందు చేదు తెలియకుండా పెరుగులో కలిపి పెడతాం కదా, అలాంటిదే అనుకునేదాన్ని. ఆయన మేలు కోసమని ఎన్నిసార్లు అనుకున్నానో. ఒక్కసారి కూడా తోట గుర్తు రాకుండా అనుకోలేదు.

మార్చిలో ఆ ఉత్తరం వచ్చింది.

కవరు విప్పగానే తేడా తెలిసింది. అందులో దొరసాని లేదు. వీరుడు లేడు. మొదటిసారి ఆవిడ నేను అని రాసింది, నువ్వు అని రాసింది. తన భర్త పోయి ఏడాది అయిందని, ఇన్నాళ్లూ ఆ సంగతి చెప్పడానికి కథలో చోటు దొరకలేదని రాసింది. నాకు ఎనభై ఒకటి, నీకు ఎనభై నాలుగు, ఇంకా ఏ కవి చాటున దాక్కుందాం అని రాసింది. కాగితం వెనక వైపు రాసింది, మే నెలలో డ్రెస్డెన్ వస్తానని. ఎల్బ ఒడ్డున నడవలేకపోయినా కూర్చుంటామని. నువ్వు రమ్మంటేనే వస్తాను, రమ్మనకపోతే ఎందుకని అడగను, నువ్వెప్పుడూ నన్ను అడగలేదు కాబట్టి అని. మెట్ల దగ్గర నిలబడే చదివాను. కళ్ళు తడయ్యాయి. తడి కళ్ళతోనే ఫోటో తీసి ఫ్రావ్ కెర్న్‌కి పంపాను.

పది నిమిషాల్లో జవాబొచ్చింది. ఇది వద్దు. దయచేసి. దాని కిందే ఇంకొకటి. అద్దె ఒప్పందం సిద్ధమైంది, బుధవారం తెస్తాను.

ఆ రోజు మధ్యాహ్నం ఎండ బాగా కాసింది. ఆయన కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు. ఉత్తరం వచ్చిందని ఎవరో ముందే చెప్పేశారు. లేకపోతే రాలేదనే చెప్పేదాన్నేమో. కుర్చీ లాక్కుని కూర్చుని చదవడం మొదలుపెట్టాను. వాతావరణం చాలా బాగుందని చదివాను. తోటలో గులాబీలకి కొమ్మలు కత్తిరించానని, పక్కింటివాళ్ళు కొత్త కుక్కని తెచ్చుకున్నారని చదివాను. నా చేతిలో ఉన్న కాగితం మీద ఆవిడ మే నెల అని రాసింది. నేను కుక్క అని చదివాను.

ఆపాను. ఆయన ఇంకా వింటున్నట్టే ఉన్నారు.

"ఇంతేనా?"

"ఇంతేనండీ."

"ఆ వీరుడి గురించి ఏమీ అడగలేదా?"

"లేదండీ. తోట గురించే రాశారు."

ఆయన తల కొంచెం పక్కకి వంచారు.

"కాగితం వెనక కూడా చూశావా, ష్వెస్టర్? తిప్పిన చప్పుడు వినిపించలేదు."

నాకు ఆ క్షణం ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. కాగితం నా చేతిలో ఉంది. వెనక వైపు నిండా అక్షరాలు ఉన్నాయి. తిప్పితే చాలు. ఏం పోయేది? ఇల్లు పోయేది. ఇంకో ఇల్లు దొరికేదేమో, ఇంకో ఏడాదికైనా.

"ఒక వైపే రాశారండీ" అన్నాను.

ఆయన మెల్లగా తలూపారు. థాంక్యూ అన్నారు. ఎప్పుడూ అనే మాటే, అదే మర్యాదతో. నన్ను అనుమానించారా? ఏడేళ్లుగా ఈ ప్రశ్న తిప్పి తిప్పి చూసుకుంటున్నాను. అనుమానించి కూడా నన్ను పట్టుకోవడం అమర్యాద అనుకున్నారా? లేక ఆవిడే మారిపోయిందని నమ్మేశారా? నమ్మి ఉంటే అది ఎక్కువ నేరం. అనుమానించి ఉంటే అది ఎక్కువ సిగ్గు. నాకు ఏది కావాలో కూడా తెలియదు.

బుధవారం ఒప్పందం మీద సంతకం పెట్టాను.

అంతటితో అయిపోయి ఉంటే ఇంతగా చెప్పుకునేదాన్ని కాదేమో. నాలుగు రోజుల తర్వాత ఆయన కాగితం, పెన్ను తీసుకోమన్నారు. ఆయన ఉత్తరాలు రాసిపెట్టేదాన్ని కూడా నేనే. మామూలుగా చెబుతూ చెబుతూ ఆగి ఒక మాట మార్చేవారు. ఆ రోజు ఆగలేదు. ముందే మనసులో రాసి పెట్టుకున్నట్టున్నారు. వీరుడు ముసలివాడయ్యాడని రాయమన్నారు. దొరసాని తన మీద జాలితో, మర్యాద కోసం ఇంకా మాటలు వెతుక్కుంటోందని అతనికి అర్థమైందని రాయమన్నారు. ఇక ఆ కష్టం అక్కర్లేదు, అతను ఆవిడని ఇచ్చిన మాట నుంచి విడిచిపెడుతున్నాడు, కిటికీ వేసుకోవచ్చు, బయట ఎవరూ నిలబడి లేరు అని రాయమన్నారు. తన పేరు రాయించారు.

నేను రాశాను. నా చేతి రాతతో. ఆయన కుక్క గురించి విన్న మనిషిగా ఈ జవాబు చెబుతున్నారు. ఆవిడ మాత్రం, రానా అని అడిగిన మనిషిగా దీన్ని చదువుతుంది. ఇద్దరి మధ్యా ఇది తెలిసినదాన్ని లోకంలో నేనొక్కదాన్నే. కాగితం మడిచి కవర్లో పెట్టాను.

ఆ ఉత్తరం నా సంచిలో రెండు రోజులుంది. ఫ్రావ్ కెర్న్‌ని అడిగాను. నాన్న సొంత మాటలే కదా, పంపించు అంది. చింపెయ్యొచ్చు. ఆయన దగ్గరికి వెళ్ళి అసలు ఉత్తరం చదవొచ్చు. రండి అని ఆవిడకి నేనే రాయొచ్చు. మూడు దారులూ తెరిచే ఉన్నాయి. మా ఆయన అదే వారంలో కాన్సులేట్‌లో టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరికిందని ఫోన్ చేశాడు. పాప వెనక నుంచి, ఆ ఇంట్లో ఉయ్యాల ఉంటుందా అని చాలా రోజుల తర్వాత నన్నొక మాట అడిగింది. మూడో రోజు ట్రామ్ స్టాప్ దగ్గర పసుపు పోస్టు డబ్బాలో ఉత్తరం వేశాను. స్టాంపు నేనే అంటించాను. లోపల పడిన చప్పుడు కూడా విన్నాను.

ఏప్రిల్ మధ్యలో జూడిత్ నుంచి ఒక చిన్న కార్డు వచ్చింది. నీ మాట అందింది, నువ్వు చెప్పినదాన్ని ఎప్పుడూ కాదనలేదు, ఇప్పుడూ కాదనను, ఇది నా చివరి ఉత్తరం, కోపంతో రాయడం లేదు అని. అంతే ఉంది. దాన్ని ఆయనకి చదవలేదు. వచ్చినట్టు కూడా చెప్పలేదు. ఆయన రోజూ పోస్టు వచ్చిందా అని అడిగేవారు. లేదండీ అనేదాన్ని. మే నెల వచ్చేసరికి అడగడం మానేశారు. నాకు తెలిసిన మానెయ్యడమే అది. పాప దగ్గర ఒకసారి చూశాను కదా.

తర్వాత ఆయన నన్ను చదవమని ఏదీ అడగలేదు. నేను వెళ్ళి కూర్చుంటే మర్యాదగా పాప గురించి, ఇంటి గురించి అడిగేవారు. నీకు ఇల్లిచ్చి నా కూతురు మంచి పని చేసింది అన్నారు ఒకసారి. ఆ మాటకి నేను ఏం జవాబిచ్చానో గుర్తులేదు. గుర్తులేకపోవడం నయం. తిండి తగ్గింది. బొత్తాలు మెడ దాకా పెట్టమని అడగడం మానేశారు. సెప్టెంబరులో ఒక రోజు మధ్యాహ్నం భోజనం పళ్ళెం అలాగే ఉంది, ఆయన కుర్చీలోనే పోయారు. నాడి చూసింది నేనే. కళ్ళు మూసింది నేనే. గుండె అని రాశారు డాక్టర్. నిజమే, గుండె ముందే పాడైంది. నేను చంపానని అనను. ఎలా చనిపోయారన్నది మాత్రం నా పనే. నలభై ఏళ్లు తనని కోరుకున్న మనిషి చివరికి కుక్క గురించి రాసే మనిషైపోయిందని నమ్ముతూ పోయారు.

మా వాళ్ళు ఆగస్టులోనే వచ్చేశారు. పాప కీటాలో, అంటే ఇక్కడి పసిపిల్లల బడిలో, చేరింది. ఇక్కడి మన తెలుగు క్రైస్తవులు నెలకోసారి ఒక హాలులో కూడుకుంటారు. అక్టోబరులో సాక్ష్యం చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను. పద్నాలుగు నెలలు తిరిగాను, మనుషులు తలుపులు మూశారు, దేవుడు తలుపు తెరిచాడు అని చెప్పాను. అందరూ ఆమెన్ అన్నారు. ఒక అక్క వచ్చి కౌగిలించుకుని, "మాకూ వోనుంగ్, ఇలాంటి ఇల్లు, దొరకాలని ప్రేయర్ చెయ్యి సిస్టర్, నీ ప్రార్థన వింటాడు దేవుడు" అంది. హెర్ లిండ్నర్‌ని సమాధి చేసి అప్పటికి మూడు వారాలు. నా జీవితంలో నేను చెప్పిన అబద్ధాల్లో ఏది పెద్దదని అడిగితే, కుక్క అన్నది కాదేమో. ఇదేనేమో.

మా ఆయనకి ఒక ఏడాది తర్వాత చెప్పాను. సగమే. కూతురు చెప్పమన్నదే చదివానన్నాను, పోస్టు చేసిన సంగతి చెప్పలేదు. ఆయన టీ తాగుతూ విన్నాడు. "నువ్వేం చేశావే, ఆవిడ చెప్పింది, నువ్వు చేశావు. ఎనభై ఏళ్లు దాటినోళ్ళకి ఇప్పుడు ప్రేమలేంటి. ఊరికే మనసు పాడుచేసుకోకు" అన్నాడు. మంచివాడు. నన్ను తేలిక చెయ్యాలనే అన్నాడు. కానీ ఆ మాట విన్నాక, మిగతా సగం ఆయనకి ఎప్పటికీ చెప్పలేనని తెలిసిపోయింది. క్షమించడానికి అంత తొందరపడే మనిషికి తప్పు చూపించడం కష్టం.

ఆ తర్వాత ధైర్యం తెచ్చుకుని జూడిత్‌కి రాశాను. హెర్ లిండ్నర్ పోయారని, ఆయనకి ఉత్తరాలు చదివిపెట్టిన నర్సుని నేనని, ఒక విషయం చెప్పాలని. ఏ విషయమో రాయలేదు. ముందు తలుపు తట్టి చూద్దామనుకున్నాను. జవాబు ఆవిడ మేనకోడలు రాసింది. అంతకు ముందు చలికాలమే జూడిత్ పోయిందట. మేనకోడలు చాలా మర్యాదగా రాసింది. చివర ఒక ప్రశ్న అడిగింది. ఆయన ఎందుకు వద్దన్నారో మీకేమైనా తెలుసా, అత్త ఎవరినీ ఏమీ అడిగే మనిషి కాదు, చివరి రోజుల్లో మాత్రం ఇదొక్కటే పైకి అనుకుంటూ ఉండేది, తనేం తప్పు రాసిందో అని.

తనేం తప్పు రాసిందో అని.

ఆ ఉత్తరం వచ్చి నాలుగేళ్లు దాటింది. జవాబివ్వలేదు. చాలాసార్లు మొదలుపెట్టాను. డియర్ అని రాసి ఆపేస్తాను. ఫ్రావ్ కెర్న్ మా పైన అంతస్తులోనే ఉంటుంది. వయసు మీద పడుతోంది. తోటలో కనిపిస్తే పలకరించుకుంటాం. ఆవిడ ఇప్పటికీ పళ్ళు కోసి డబ్బాలో పాపకి ఇస్తుంది. ఆ సంగతి మా మధ్య ఒక్కసారి కూడా రాలేదు. ఆవిడకి నిద్ర పడుతుందా? వాళ్ళమ్మ కోసం చేసింది. ఆవిడకి ఆ కారణమైనా ఉంది.

మరి నేను? ఈ ఇల్లు వదిలేస్తానా? మీరు అడగకముందే చెబుతున్నాను, వదలను. పాప బడి ఇక్కడికి రెండు వీధుల దూరం. దానికి స్నేహితులున్నారు, తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబిస్తుంది, ఇది దాని ఊరు. బాధ ఉన్నంత మాత్రాన, దాని వల్ల దక్కింది తిరిగిచ్చేసే మనిషిని కాదు నేను. ఇదీ ఒప్పుకోవాలి. ఇది ఒప్పుకోకుండా మిగతాదంతా ఒప్పుకుంటే అది కూడా కొంత వదిలేసి చదవడమే అవుతుంది.

ఇదంతా తెలుగులో ఎందుకు రాశానని కూడా ఆలోచించాను. ఆయనకి ఈ భాష రాదు. ఆవిడకీ రాదు. ఆ మేనకోడలికీ, ఫ్రావ్ కెర్న్‌కీ రాదు. ఎవరికి చెప్పాలో వాళ్ళెవరూ చదవలేని భాషలో చెబుతున్నాను. పిరికితనమే. తెలుసు. అయినా చెప్పకుండా ఉన్న ఏడేళ్లకీ, ఈ రాసిన పేజీలకీ తేడా ఉంది. రాస్తున్నంతసేపూ ఎక్కడా ఏ వాక్యాన్నీ దాటెయ్యలేదు. ఒక్కచోట దాటెయ్యబోయాను, మూడు దారులూ తెరిచే ఉన్నాయన్న చోట. ఆగి, వెనక్కి వెళ్ళి, ఉన్నదున్నట్టు రాశాను.

జూడిత్ తప్పేమీ రాయలేదు. చాలా బాగా రాసింది. వస్తానని రాసింది. అది ఆయన దాకా వెళ్ళకుండా ఆపింది నేను.